కమ్మీ పెట్టాలా, కొయ్యాలా

మధ్యాహ్నం పన్నెండుంపావుకు హెలికాప్టర్ మమ్మల్ని సరిహద్దు పోస్టు దగ్గర మంచు మీద దింపింది. రెక్కలు ఆగలేదు. నలుగురం దిగాం, నలుగురు ఎక్కారు. ఎత్తు పదిహేడు వేల అడుగులు. చలి సున్నాకు ఇరవై రెండు డిగ్రీలు కింద. వీపున ఇరవై కిలోల సామాను, కాళ్లకు మూడు జతల మేజోళ్లు. పోస్ట్ కమాండర్ మొదటి ఆర్డర్ ఇచ్చాడు: "మూడు రోజులు ఎవరూ తొందరగా నడవొద్దు. తొందరగా ఆలోచించొద్దు కూడా."

నవ్వాం. కానీ ఆ ఎత్తులో బుర్ర నిజంగానే నెమ్మదిస్తుంది.

మా ఊరు మైదుకూరులో అందరూ నన్ను మంచు గురించి అడుగుతారు, శత్రువు గురించి అడుగుతారు. అక్కడున్న తొంభై రోజులూ నన్ను తికమక పెట్టింది ఆ రెండూ కాదు. నా కూతురి ఛాతీ.

కెజియాకు పుట్టినప్పటి నుంచి రొమ్మెముక దగ్గర చిన్న గుంట. పెద్దయితే సర్దుకుంటుందన్నారు. పద్నాలుగో ఏట ఒక్కసారిగా ఎత్తు పెరిగింది, గుంటా లోతైంది. బడి మెట్లెక్కితే ఆయాసం. నేను సెలవు ముగించుకుని బయల్దేరిన వారానికి కడప డాక్టరు ఆమెను కర్నూలుకు పంపాడు.

పోస్టులో శాటిలైట్ ఫోన్ గురువారాలు మాత్రమే, ఉదయం పదకొండుకు, మనిషికి ఐదు నిమిషాలు.

"ఏమప్పా, ఇనపడతాందా?" నా భార్య సునీత. కర్నూలు ఆసుపత్రి వరండాలోంచి మాట్లాడుతోంది. "స్కానింగ్ అయింది. గుండె ఎడమ పక్కకు జరిగిండాదంట. కమ్మీ పెట్టాలంటాండారు."

"కమ్మలా? ఇప్పుడు కమ్మలెందుకు?"

"కమ్మలు కాదప్పా. కమ్మలు పెడితే పాపకు చెవులు దురద పుడతాయా అని గూడా అడిగినార్లే..."

గరగర. లైను పోయింది.

రెండు గంటల కాపలా, నాలుగు గంటల విరామం. కాపలాలో నిలబడి నేను చెవికమ్మల గురించే ఆలోచించాను. ఛాతీకీ చెవులకూ ఏం సంబంధం? తప్పుగా విన్నానా, లేక గాలి తక్కువై నా తలే పనిచేయడం లేదా?

ఆ ఫోన్ తర్వాత మూడో రోజు మా నర్సింగ్ అసిస్టెంట్‌ను అడిగాను. మరాఠీ మనిషి. పాలపొడి అట్టపెట్టె చింపి పెన్సిల్‌తో బొమ్మ గీశాడు.

"అది చెవికమ్మ కాదు ఉస్తాద్, లోహపు కమ్మీ," అన్నాడు హిందీలో. "చంకల కింద రెండు చిన్న గాట్లు పెడతారు. లోపలికి కెమెరా పంపుతారు. వంచిన కమ్మీని రొమ్మెముక కిందుగా అవతలికి దూర్చి తిప్పేస్తారు. గుంట పైకి లేస్తుంది. రెండు మూడేళ్ల తర్వాత కమ్మీ తీసేస్తారు. కొందరి ఒంటికి ఆ లోహం పడదు. దురద సంగతి అందుకే అడిగుంటారు."

ఊపిరి పీల్చుకున్నాను. మళ్లీ గురువారం దాకా నాకంతా అర్థమైందనే అనుకున్నాను.

"ఇంకో డాక్టరు అది వద్దంటాండాడు," అంది సునీత. "పాప ఎద ఒక పక్క శానా లోతంట. కమ్మీతో సమంగా లేవదంట. ఎద ముందర పక్క కోసి, వంకరపోయిన మెత్తటి ఎముకలు తీసేసి, నడిమెముకను నిలబెట్టాలంట."

"ఇద్దరిలో ఎవరిది నిజం?"

"ఇద్దరూ నిజమే చెప్తాండారు. అదే నాకు దిక్కు తెలీడంలా."

"గిన్నె లాంటిది పెట్టి గాలి పీల్చి పైకి లాగేది కూడా ఒకటుందంట కదా?"

"అడిగినా. గుంట తక్కువుండే వాళ్లకంట అది. నువ్వు చెప్పప్పా, యాది చేయిద్దాం?"

పద్దెనిమిదేళ్ల సర్వీసు నాది. ఆర్డర్ తీసుకోవడం తెలుసు, ఇవ్వడం తెలుసు. ఆ రోజు మాత్రం "వచ్చే గురువారం చెప్తా" అన్నాను.

ఆ గురువారం రాలేదు. మంచు తుఫాను పదకొండు రోజులు పట్టింది. ప్రతి నాలుగు గంటలకూ తలుపు ముందు మంచు తవ్వేవాళ్లం. సిగ్నల్ హవల్దార్‌ను రోజుకు పదిసార్లు అడిగాను. "రేడియోలో బేస్ క్యాంపు వినపడుతోంది, ఇల్లు వినపడటం లేదు" అనేవాడు. కమ్మీ అనుకుంటే కోత సరైనదనిపించేది. కోత అనుకుంటే ఆడపిల్ల ఎద మీద నిలువునా గాటు కనపడేది.

పన్నెండో రోజు లైను కలిసింది.

"అయిపోయిండాది," అంది సునీత. "నాలుగు రోజులాయ. నువ్వు ఫోన్ చేస్తావేమోనని రెండు దినాలు ఆపించినా. ఇంగ ఆపలేకపోయినా. పాపనే అడిగితే కమ్మీ అనింది. నేనే సంతకం పెట్టినా."

"నొప్పి ఉందా?"

"ఉండాది. ఏడ్చడంలా. నీ మీద కోపం ల్యా ఎవరికీ."

ఆ చివరి మాట నేను అడగలేదు. ఫోన్ పెట్టేశాక వచ్చింది ఊరటో సిగ్గో కోపమో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

నేను పదవీ విరమణ చేశాను. కమ్మీ తీసేసి ఏడాదవుతోంది. కెజియాకు ఆయాసం లేదు. ఎడమ పక్క మాత్రం కొంచెం పల్లంగానే ఉంది. రెండో డాక్టరు మాట వినాల్సిందా? అడిగితే సునీత లేచి పనిలో పడుతుంది, కెజియా నవ్వేస్తుంది.

నా కళ్ల ముందు నుంచి పోనిది ఒక్కటుంది. ఆపరేషనైన మూడు వారాలకు కిందికి దిగి, ఎర్రగుంట్లలో రైలు దిగి, ఉదయం ఆరూ నలభైకి ఇల్లు చేరాను. కెజియా వెల్లకిలా పడుకుని ఉంది. లేపుదామని చెయ్యి చాచాను.

"చెయ్యి పట్టి లాగగూడదు నాయనా," అంది.

సునీత వచ్చి మంచం మీద కూర్చుంది. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి వీపు కింద. "ఒకటి, రెండు, మూడు," అని కెజియా తనే లెక్కపెట్టింది. నడుము కదలకుండా, పలకలా నిటారుగా, ఇద్దరూ ఒకేసారి పైకి లేచారు. ఎన్నిసార్లు చేసుంటారో, ఒకరి ముఖం ఒకరు చూసుకోనైనా లేదు. నేను చాచిన చెయ్యి అలాగే గాల్లో ఉంది.