మా రేంజరు గారి గేటు

మొన్న విశాఖలో ఒక కోత మిల్లు పక్కనుంచి నడుస్తుంటే తడిసిన టేకు పొట్టు వాసన తగిలింది. అంతే, బజారు రొద ఎక్కడికో పోయింది. కళ్ల ముందు పొగమంచు, అందులో అడ్డంగా వెదురు గేటు, దాని పక్కన గొంగళి కప్పుకొని ప్రకాశరావు గారు.

తొంభైల మధ్యలో, అరకు అవతల ఒరిస్సా సరిహద్దు చెక్‌పోస్టులో నేను కొత్తగా చేరిన ఫారెస్టు గార్డుని. ఆయన మా రేంజరు. కళ్లు మూసుకుని, వాసనను బట్టి కర్ర ఏ చెట్టుదో చెప్పడం నాకు ఆయనే నేర్పారు. కొండవాళ్లు ప్రేమగా తెచ్చిన తేనె కూడా పుచ్చుకునేవారు కాదు. "తియ్యగా ఉంటుందయ్యా, అదే నా భయం," అని నవ్వేవారు. నాగలి విరిగిందని కొండమీది సోమన్న తాత వస్తే, తనే అడవిలోకి తీసుకెళ్లి ఏ కొమ్మ కొట్టుకోవచ్చో చూపించారు. ఆయన వెనక నడుస్తుంటే మబ్బుల్లో నడుస్తున్నట్టుండేది.

ఒక వానాకాలం ఆయన భార్యకు మలేరియా మెదడుకెక్కింది. ఆఫీసు జీపు ఎప్పటినుంచో చెడిపోయి షెడ్డులో పడి ఉంది. కలప కాంట్రాక్టరు తన జీపు పంపాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో, వానలో, దాని ఎర్ర దీపాలు కరిగిపోతుంటే నేను ప్రభువును వేడుకుంటూ నిలబడ్డాను. ఆమె బతికింది.

ఆమె కోలుకుని వచ్చాక కాంట్రాక్టరు లారీ దుంగలతో వచ్చింది. పర్మిట్ లేదు. రేంజరు గారు చాలాసేపు మంచులోకి చూశారు. "ఈ ఒక్కసారికి గేటు ఎత్తవయ్యా," అన్నారు. ఎత్తాను. ఆ తర్వాత హారన్ వినబడగానే లోపలికి వెళ్లిపోయేవారు. కొన్నాళ్లకు వెళ్లడమూ మానేసి, డ్రైవరుతో కబుర్లాడుతూ గేటు దగ్గరే నిలబడేవారు.

అడవి పలచబడుతోందేమని పైవాళ్లు అడిగారు. చూపించడానికి ఒక కేసు కావాలి. ఆయన సోమన్న తాతను పట్టించారు, భుజం మీది నాగలికర్రతో సహా.

"ఏటి బాబూ, ఈ కొమ్మ కొట్టుకోమని నువ్వే సూపించావు గదా! ఇప్పుడేటి తప్పు సేసేను?"

రేంజరు గారు కాగితాలు నా వైపు తోశారు. "కేసు రాయవయ్యా," అన్నారు నాతో.

"నేను రాయలేనండీ."

ఆయనే రాశారు. కొద్ది రోజులకే నన్ను చింతూరు బదిలీ చేయించారు. బస్సు కదిలే ముందు, ఎవరూ పిలవకుండానే వచ్చి కిటికీ ఊచ పట్టుకున్నారు.

"రాయనన్నావు చూడు, అది నేను నేర్పిందేనయ్యా," అన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నాకు ఆయన మీద కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. నేనూ రేంజరునయ్యాను. ఏ కొండకు బదిలీ అయినా, చేరిన రోజు కుర్చీలో కూర్చోకముందే షెడ్డు దగ్గరికి వెళ్లి, ఆఫీసు జీపు స్టార్టు చేయించి చూస్తాను.