మెట్ల మీద మతిమరుపు

తాక్ బొంగ్సు ఊరు దాటాడంటే ఏదో ఒకటి మర్చిపోయి తీరాల్సిందే. అందరూ మర్చిపోయినట్టు మర్చిపోతే చెప్పుకోవాల్సిన పనే లేదు. ఆయన సగం దారిలో చటుక్కున ఆగుతాడు. రెండు చేతులతో నాలుగు జేబులూ తడుముకుంటాడు. "అయ్యయ్యో!" అని కాకులు లేచిపోయేలా ఒక కేక పెడతాడు. ఆ తర్వాత ఎవరు చెయ్యి పట్టుకున్నా, కాలర్ పట్టుకున్నా ఆగకుండా వచ్చిన దారినే వెనక్కి పరిగెడతాడు. కొరియాలోని ఇంచన్ చేపల బజారు వెనక వీధిలో అందరూ ఒక దారిని ఒకసారి నడిస్తే ఆయన మూడుసార్లు నడుస్తాడని ప్రతీతి.

ఒకసారి పెళ్ళికి వెళ్ళి వస్తూ బస్సు ఇరవై కిలోమీటర్లు దాటాక కోటు మర్చిపోయానని గోల పెట్టాడు. డ్రైవరు తిట్టుకుంటూ బస్సు వెనక్కి తిప్పాడు. భోజనానికి ఆగిన హోటలు ముందు దిగాక చూస్తే కోటు ఆయన ఒంటి మీదే ఉంది. "చూశారా, ఎంత భద్రంగా ఉందో!" అన్నాడు బొంగ్సు. ఆ రోజు ఆయన్ని కొట్టబోయిన వాళ్ళలో సొంత బావమరిది కూడా ఉన్నాడు.

విచిత్రం ఏమిటంటే, ఆయన చేసే పని గడియారాల మరమ్మతు. దుకాణంలో గోడ నిండా, సొరుగుల నిండా రెండొందల గడియారాలు. ఒక్కదానికీ చీటీ ఉండదు. ఎవరు గుమ్మంలో అడుగు పెట్టినా తల ఎత్తకుండానే, "మీదా? నల్ల తోలు పట్టీ. పోయిన మంగళవారం. లోపల మీ మనవడు పోసిన తేనె కడిగేశాను," అంటాడు. మరి ఊరు దాటగానే ఆ బుర్రకు ఏమవుతుందో ఎవరికీ అంతుబట్టలేదు.

అందరికంటే ఎక్కువ అంతుబట్టనిది నమ్ యోన్సుక్‌కి. ఆవిడ బియ్యప్పిండి కేకుల కొట్టు యజమానురాలు, ఆ వీధి యాత్రా సంఘానికి పదకొండేళ్ళుగా అధ్యక్షురాలు. మెడలో ఈల, చేతిలో నోటుపుస్తకం. ఆ పుస్తకంలో బస్సు, పడవ, మెట్లు, మొక్కు, భోజనం, అన్నీ నిమిషాల లెక్కన రాసి ఉంటాయి. అందులో ఒక్క పేజీ చెడకుండా యాత్ర ముగిసిన ఏడాది లేదు. చెడగొట్టింది ఎవరో చెప్పక్కర్లేదు.

ఆ శరత్కాలంలో కూడా ఎప్పటిలాగే సంగ్మో దీవికి బయల్దేరారు. అప్పటికింకా ఆ దీవికి వంతెన లేదు. రేవు దాకా బస్సు, అక్కణ్ణించి పడవ, దీవిలో మళ్ళీ ఇంకో బస్సు, అది దిగితే బోమున్ గుడి, గుడి వెనక కొండ మీదికి నాలుగొందల పైచిలుకు మెట్లు. మెట్ల చివర కనుబొమ్మలా ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద బండ కింద, రాతిలో చెక్కిన క్వనమ్ బోధిసత్వుడు సముద్రాన్ని చూస్తూ కూర్చుని ఉంటాడు.

పడవ కదలగానే సముద్రపు కాకులు గుంపులుగా వచ్చి రొయ్యల చిప్స్ కోసం తలల మీద తిరగడం మొదలుపెట్టాయి. యోన్సుక్ ఈల ఊదింది.

"అందరూ వినండి! గాలి పెరుగుతోందట. సాయంత్రం నాలుగింటి పడవే ఆఖరిదని పడవాయన చెప్పాడు. అది తప్పితే రాత్రికి దీవిలోనే పడుకోవాలి. అందుకని ఈ ఏడాది కొత్త రూలు. డెబ్బై దాటినవాళ్ళు కింద గుడిలోనే దణ్ణం పెట్టుకోవాలి. మెట్లెక్కకూడదు."

అందరూ తలలు తిప్పి మాల్సున్ అవ్వ వైపు చూశారు. మాల్సున్ నలభై ఏళ్ళు ఆ బజారులో చేపలమ్మిన మనిషి. చూపుతోనే చేప పొలుసు తీయగలదని పేరు.

"డెబ్బై దాటడం నాకెప్పుడో అయిపోయిందే అమ్మాయ్. నాకిప్పుడు డెబ్బై ఎనిమిది. నీ రూలు ఇప్పుడు దాటేవాళ్ళకి పెట్టుకో," అంది.

"అది కాదు పెద్దమ్మా, మీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళు నీకేమైనా ఫిర్యాదు రాసిచ్చాయా? మా ఆయన పడవ తుఫానులో నాలుగు రోజులు కనబడకుండా పోయినప్పుడు ఆ కొండాయనకి మాటిచ్చాను. మనిషిని పంపించు, నేను బతికున్నంత కాలం ఏడాదికోసారి నా కాళ్ళతో నేనే వచ్చి కనబడతానని. ఆయన పంపించాడు. ఇప్పుడు నేను కింద కూర్చుని, మెట్లు ఎక్కువున్నాయి స్వామీ, నువ్వే దిగిరా అనమంటావా?"

యోన్సుక్ ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే తాక్ బొంగ్సు పిడుగు పడ్డట్టు అరిచాడు.

"అయ్యయ్యో! నా టోపీ రేవులో మర్చిపోయాను! పడవ తిప్పించండి!"

పడవలో సగం మంది ఆయన మీద పడ్డారు. గొడుగుల కొట్టు హేజా నాలుకకు పదునెక్కువ. "టోపీ మీ వీపు మీద వేలాడుతోంది అన్నయ్యా! తాడు మెడకే ఉంది! తల కూడా ఎక్కడైనా పెట్టారేమో ఓసారి తడుముకోండి," అంది. నవ్వుల్లో కొత్త రూలు సముద్రంలో పడిపోయింది. దాన్ని మళ్ళీ పైకి తీద్దామనుకునేసరికి పడవ ఒడ్డుకు చేరింది.

గుళ్ళో దణ్ణాలు, సముద్రపు నాచులో చుట్టిన అన్నం, ఉడికిన గుడ్లు అయ్యేసరికి ఒంటిగంట దాటింది. మెట్లెక్కడం మొదలైంది. మాల్సున్ అందరికంటే ముందు. చెయ్యి పట్టుకోబోయిన హేజాను ఒక్క చూపు చూసింది. హేజా ఆ చెయ్యితో తన జుట్టు సర్దుకుంది.

ఎనభయ్యో మెట్టు మీద బొంగ్సు ఆగాడు. జేబులు తడుముకున్నాడు.

"అయ్యయ్యో! బార్లీ టీ సీసా!"

"పోనివ్వండి, నీళ్ళు నేనిస్తాను," అంది యోన్సుక్.

"అది మా నాన్న సీసా అధ్యక్షురాలమ్మా!" అని కిందికి పరిగెత్తాడు. అందరూ ఆగారు. తిట్టుకుంటూ మెట్ల మీద కూలబడ్డారు. పది నిమిషాలకు సీసా ఊపుకుంటూ వచ్చాడు.

నూట అరవయ్యో మెట్టు మీద రుమాలు. అది కూడా వాళ్ళ నాన్నదేనట. "మీ నాన్న మీకు మతి తప్ప అన్నీ ఇచ్చిపోయాడు," అంది హేజా. రెండొందల నలభయ్యో మెట్టు దాటగానే కళ్ళజోడు.

ఈసారి యోన్సుక్ ఈల ఊదింది, ఆగమని. ఆగలేదు. గడియారం రెండుంపావు చూపిస్తోంది. ఈ లెక్కన పైకెక్కి దిగేసరికి పడవ అవతలి ఒడ్డున ఉంటుంది. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. చెవి పట్టుకుని ఈడ్చుకొస్తానని చెప్పి ఆయన వెనకే దిగింది.

ఎక్కువ దూరం దిగాల్సిన పని లేకపోయింది. మొదటి మలుపు తిరగగానే, ఒక దేవదారు చెట్టు చాటున, బొంగ్సు తీరిగ్గా కూర్చుని నారింజ వలుచుకుంటున్నాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. దాంట్లోంచి కొమ్మల సందున పైకి చూస్తున్నాడు.

"బొంగ్సు గారూ!"

"ష్! గట్టిగా మాట్లాడకండి. ఇంకో రెండు నిమిషాలు. భుజాలు ఇంకా ఎగిరిపడుతున్నాయి."

"ఎవరి భుజాలు?"

ఆయన గడ్డంతో పైకి చూపించాడు. యోన్సుక్ కొమ్మల్లోంచి చూసింది. మెట్టు మీద మాల్సున్ అవ్వ కూర్చుని ఉంది. ఒక చెయ్యి గుండె మీద. నోరు తెరుచుకుని గాలి తాగుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ అది చూడటం లేదు. వాళ్ళందరికీ బొంగ్సును తిట్టడంతోనే సరిపోతోంది.

"మూడేళ్ళ కిందట ఇక్కడే ఆగింది," అన్నాడు బొంగ్సు, యోన్సుక్‌కి నారింజ తొన ఇస్తూ. "ఎవరో పాపం, పెద్దమ్మా కాసేపు కూర్చోండి అన్నారు. అంతే. రోషం వచ్చి మిగతా మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కేసింది. పైన చూస్తే పెదాలు నీలంగా ఉన్నాయి. కూర్చోమంటే కూర్చునే మనిషి కాదు. కానీ ఎదుటివాడు వెధవ పని చేసి అందర్నీ ఆపేస్తే, పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? కూర్చుంటుంది."

యోన్సుక్ తొన నోట్లో పెట్టుకోవడం మర్చిపోయింది. ఆవిడ బుర్రలో పాత సంగతులు ఒకదాని వెనక ఒకటి లేచి కూర్చుంటున్నాయి. కోటు కోసం బస్సు తిప్పించిన రోజు, తిరిగి బయల్దేరేటప్పుడు ఆ హోటలు మరుగుదొడ్డి దగ్గర్నుంచి చెవిటి తాతయ్య ఒకాయన మెల్లగా వచ్చి బస్సెక్కాడు. ఆయన అక్కడే ఉండిపోయాడని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. ఆయన ఎక్కినట్టు కూడా ఎవరూ గమనించలేదు. అందరూ కోటును చూస్తున్నారు.

"ఆ రోజు నోరు తెరిచి చెప్పొచ్చుగా, ఫలానా ఆయన ఉండిపోయాడని?"

"చెబితే ఆయన్ని మళ్ళీ ఎవరైనా ఎక్కడికైనా తీసుకెళ్తారా? మీరు రూలు పెట్టరూ?"

యోన్సుక్ నోటుపుస్తకం తీసి చూసింది. రెండున్నరకు శిఖరం, మూడుకు దిగడం. పైన ఇంకా నూట అరవై పైచిలుకు మెట్లున్నాయి. ఇంకోసారైనా ఆగాలి. ఆవిడ పుస్తకం మూసి సంచిలో పడేసింది.

ఇద్దరూ పైకి వచ్చారు. బొంగ్సు యథాప్రకారం తిట్లు తిన్నాడు. మూడొందల ఇరవయ్యో మెట్టు దగ్గర మాల్సున్ అడుగులు మళ్ళీ బరువెక్కాయి. బొంగ్సు చేతులు జేబుల మీదికి వెళ్ళబోతున్నాయి. అంతలో ఎవరో గట్టిగా అరిచారు.

"అయ్యయ్యో! నా శాలువా!"

అందరూ తిరిగి చూశారు. అరిచింది అధ్యక్షురాలు నమ్ యోన్సుక్. పదకొండేళ్ళలో ఒక సూది కూడా పోగొట్టుకోని మనిషి.

"శాలువా ఎప్పుడు తెచ్చారు?" అంది హేజా నోరు తెరిచి.

"తెచ్చాను! నువ్వు చూడలేదు! ఎవరూ కదలకండి!" అంటూ యోన్సుక్ ధడధడా కిందికి దిగింది. ఆవిడకు అబద్ధమాడటం అలవాటు లేక చెవులు ఎర్రబడిపోయాయి. వెనక నుంచి హేజా గొంతు వినిపిస్తోంది. "అంటురోగం! గడియారాలాయన దగ్గర్నుంచి అంటుకుంది!"

మొత్తానికి అందరూ పైకి చేరారు. మాల్సున్ రాతి బోధిసత్వుడి ముందు నిలబడి, చేతులు జోడించి మూడు సార్లు వంగింది. "వచ్చాను. మా ఆయన కులాసా. గురక మాత్రం పెరిగింది, అది నీ తప్పేం కాదులే. మళ్ళీ ఏడాది వస్తా," అంది. పెదాలు మామూలు రంగులోనే ఉన్నాయి. యోన్సుక్ అది మూడుసార్లు చూసుకుంది.

దిగడం అనుకున్నదాని కంటే ఆలస్యమైంది. మోకాళ్ళకు దిగుడే కష్టం. నాలుగుకి పావు గంట ఉందనగా ఇంకా యాభై మెట్లు మిగిలాయి, ఆ తర్వాత రేవు దాకా దీవి బస్సు. యోన్సుక్ బొంగ్సు వైపు చూసింది. ఆయన అప్పటికే జేబులు తడుముకుంటున్నాడు.

"రేవులో ఏదో మర్చిపోయాననిపిస్తోంది. నేను ముందు పోతాను," అని గబగబా మెట్లు దిగి, కింద రోడ్డు మీద వెళ్తున్న ద్రాక్షల ట్రక్కు ఒకటి ఆపి వెనక ఎక్కేశాడు.

వీళ్ళ బస్సు రేవు చేరేసరికి నాలుగూ పన్నెండు. పడవ ఇంకా ఉంది! ఒడ్డు మీదికి దించిన ఇనప తలుపు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి తాక్ బొంగ్సు కొండలా నిలబడి ఉన్నాడు. పడవాయన ముఖం మిరపకాయలా ఎర్రగా ఉంది.

"కాలు తియ్యవయ్యా బాబూ! తలుపెత్తాలి!"

"ఎలా తియ్యమంటారు? నా కట్టుడు పళ్ళు ఇక్కడే ఎక్కడో పడిపోయాయి!"

"మరి నీ నోట్లో ఉన్నవేంటి?"

"ఇవి పైవి. నేను వెతికేది కిందివి."

"కిందివి కూడా కనబడుతున్నాయి!"

"అవి పాతవి. పోయినవి కొత్తవి. మీరు సరిగ్గా వినడం లేదు."

యాత్రికులంతా పరుగున ఎక్కారు. చివర్లో మాల్సున్, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మహారాణిలా మెల్లగా నడిచి ఎక్కింది. అప్పుడు బొంగ్సు పై జేబు తట్టి చూసుకుని, "ఆ, దొరికాయి," అన్నాడు. పడవాయన అన్న మాటలు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

పడవ నడిసముద్రంలోకి వచ్చింది. బొంగ్సు అవతలి చివర కాకులకు చిప్స్ విసురుతూ హేజా చేత తిట్లు తింటున్నాడు. యోన్సుక్ వచ్చి మాల్సున్ పక్కన కూర్చుంది. ఏమైనా చెప్పాలనిపించింది. ఏం చెబితే ఏం తంటా వస్తుందోనని మెడలో ఈల సర్దుకుంది.

మాల్సునే అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగింది.

"అమ్మాయ్, నీకొక రహస్యం చెబుతాను. ఎవరితోనూ అనకు. ఆ బొంగ్సు ఉన్నాడే, వాడికి ఆయాసం."

"ఎవరికి?"

"బొంగ్సుకే. మెట్లెక్కలేడు పాపం. నాలుగు మెట్లెక్కితే వాడి పని అయిపోతుంది. మగాడు కదా, ఆయాసమొస్తోందని నలుగురిలో చెప్పుకోలేడు. అందుకే సీసా మర్చిపోయాను, కళ్ళజోడు మర్చిపోయానని కిందికి పోయి, ఎక్కడో నక్కి ఊపిరి పీల్చుకుని వస్తాడు. నేను మొదటి ఏడాదే కనిపెట్టాను."

యోన్సుక్ తల తిప్పి, అవతల చిప్స్ విసురుతున్న బొంగ్సు వైపు చూసింది.

"అందుకే వాడు ఆగినప్పుడల్లా నేనూ గుండె పట్టుకుని కూర్చుంటాను, ఏదో నాకే కష్టంగా ఉన్నట్టు. వాడికి చిన్నతనంగా ఉండకూడదు కదా. లేకపోతే ఆ మెట్లు నాకో లెక్కా? ఒక్క పరుగున ఎక్కేస్తాను. ఈ ఏడాది నీ శాలువా నాటకం కూడా చూశాను. వాడి మీద జాలిపడే చేశావు, నాకు తెలియదనుకోకు. మంచి పిల్లవే. కానీ అబద్ధం ఆడటం నేర్చుకో, చెవులు ఎర్రబడకుండా."

"అలాగే పెద్దమ్మా," అంది యోన్సుక్.

"వచ్చే ఏడాది ఇంకో రెండుసార్లు ఎక్కువ ఆపిద్దాం. వాడికీ వయసు మీద పడుతోంది," అని మాల్సున్ చిప్స్ పొట్లం విప్పింది.

యోన్సుక్ నోటుపుస్తకం తీసింది. వచ్చే శరత్కాలం పేజీలో మెట్లకు రాసిన గంటన్నరను కొట్టేసి, రెండున్నర గంటలని రాసింది.