పెద్దమ్మ పాపిట

భీమవరంలో నేను జుట్టు కత్తిరించుకునే షాపాయన మొన్న ఆదివారం నా చెవి పైన దువ్వెన ఆపి, "ఇక్కడ నాలుగైదు తెల్లగా వచ్చాయండి, రంగెయ్యమంటారా?" అన్నాడు. నాకు ముప్ఫై ఒకటి. ఆ నాలుగైదు ఎక్కడున్నాయో నాకు ముందే తెలుసు: ఎడమ చెవి పైన మూడు, కుడి వైపు రెండు. ఆయన అద్దం కింది అరలోంచి ఆకుల బొమ్మ ఉన్న పెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. పూర్తిగా మూలికలతో చేసిందట, పది నిమిషాల్లో నలుపట. పెట్టె తిప్పి అడుగున ఉన్న సన్నటి అక్షరాలు చదవడం మొదలుపెట్టాను. "ఏంటి సార్, చదివి పరీక్ష రాస్తారా?" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వి, మొత్తం చదివి, పెట్టె తిరిగి ఇచ్చేశాను. చివరి వరసలో ఉన్న రసాయనం పేరు నాకు బాగా తెలుసు. ఒకసారి దాన్ని చదవకుండా వదిలేశాను, మా పెద్దమ్మ విషయంలో.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. పాలకొల్లు దగ్గర ఒక ఊళ్ళో బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. తాతయ్య పోయాక అమ్మమ్మని చూసుకుంటూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. నేను కెమిస్ట్రీ చదివి, రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో చేరిన కొత్తలో, శనివారాలు బస్సెక్కి వాళ్ళ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. రెండు వారాలకోసారి శనివారం సాయంత్రం పెద్దమ్మ వెనక వసారాలో ముక్కాలిపీట మీద కూర్చుని, నల్ల మచ్చలు పడ్డ పాత తువ్వాలు భుజాల మీద కప్పుకుని, అంచు విరిగిన సాసర్లో పొడి కలిపి, అరిగిపోయిన టూత్‌బ్రష్‌తో పాపిట నుంచి మొదలుపెట్టేది. ఆ ఘాటు వాసన వంటింటి దాకా వచ్చేది. మర్నాడు చర్చికి తెల్ల చీర, నల్లటి ముడి. పౌడరు కూడా రాయని మనిషికి అదొక్కటే షోకు అనుకుని నేను ఏడిపించేవాణ్ణి. ఆవిడ బ్రష్ ఆపేది కాదు.

అది షోకు కాదని తర్వాత తెలిసింది. అమ్మమ్మకి మతిమరుపు వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఆవిడ లెక్కలో పెద్ద కూతురికి నలభై దాటలేదు, జుట్టు నల్లగా ఉండాలి. పాపిటలో తెలుపు కనిపించిందంటే ఎదురుగా ఉన్నది కూతురు కాదు, ఎప్పుడో ఆ ఊళ్ళో ఉండి వెళ్ళిపోయిన పాస్టరమ్మగారు. అంతే, అమ్మమ్మ మంచం మీంచి లేవబోయేది. "కూర్చోండి పాస్టరమ్మగారూ, ఎంతసేపైందండి వచ్చి? మా అమ్మాయి బడి నుంచి వచ్చేస్తుంది, భోంచేసి వెళ్ళాలి మీరు." పాస్టరమ్మగారు ముద్దలు కలిపి పెడితే తను తినడమా? పెద్దమ్మ రెండు కంచాలు తెచ్చి తనూ పక్కన కూర్చుని చూసింది. అమ్మమ్మ తన కంచంలోది ముద్ద ముద్దగా తీసి అతిథి కంచంలోకి వేసేసింది. కొంగు తల మీదికి కప్పుకుని తెలుపు దాచబోతే, అచ్చం ప్రార్థనకి వచ్చిన పాస్టరమ్మగారిలాగే ఉంది. అలా మర్యాద కొద్దీ అమ్మమ్మ పస్తులుండేది. వేరే మనిషిని పెడితే పెదవులు బిగించేసేది. పెద్దమ్మ జుట్టు నల్లగా ఉంటేనే ఆ ఇంట్లో ఒక మనిషి అన్నం తినేది.

అలాంటి పరిస్థితుల్లో పెద్దమ్మకి చెవుల వెనక దురద మొదలైంది. తర్వాత నుదుటి మీద దద్దుర్లు, కనురెప్పల వాపు. చర్మం డాక్టరు చూసి, "నలుపు తెప్పించే రసాయనమే మీకు పడటం లేదండి. పేరు మారినా చాలా రంగుల్లో అదే ఉంటుంది. ఇంక దాని జోలికి వెళ్ళకండి," అన్నాడు. తిరిగొచ్చే బస్సులో పెద్దమ్మ కిటికీలోంచి చూస్తూ, "నువ్వు చదివింది ఇదేగా. ఏదో ఒకటి చూడరా," అంది.

నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి రాశాను. ఒకటి, గోరింటాకు: తెల్ల జుట్టుకి ఎరుపు ఇస్తుంది, నలుపు ఇవ్వదు. రెండు, నీలి ఆకు పొడి: గోరింటాకు మీద వేస్తే నలుపు. మూడు, ఉసిరి పొడి, టీ డికాక్షన్: ముదురు చేస్తాయి, తెలుపుని కప్పవు. నాలుగు, గుంటగలగరాకు నూనె: రంగు వస్తుందన్న నమ్మకం లేదు. అయిదు, ఏదైనా సరే ముందు మోచేతి లోపల రాసి రెండు రోజులు చూడాలి. నీలి ఆకు పొడి పాలకొల్లులో దొరకలేదు, తెప్పించడానికి వారం పడుతుందన్నారు. అదే కొట్లో నల్ల గోరింటాకు అని ఒక ప్యాకెట్ ఉంది, మీద ఆకుల బొమ్మ. అప్పటికి అమ్మమ్మ గ్లాసుడు పాల మీద రెండు రోజులుగా ఉంది. "రెండు రోజులు ఆగడానికి నాకు ఓపికుందిరా, అమ్మకి లేదు," అంది పెద్దమ్మ. ఒకే నీళ్ళని రెండుసార్లు పరీక్షించందే ఏ రైతుకీ రిపోర్టు ఇవ్వని నేను, అయిదో వాక్యం కొట్టేశాను.

ఆ ప్యాకెట్ పొడి కలిపి ఆ సాయంత్రమే పెద్దమ్మ తలకి పెట్టాం. మామూలు గోరింటాకు పది నిమిషాల్లో నలుపు ఇవ్వదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా రంగు తిరుగుతుంటే సంతోషపడ్డాను. అంతలోనే పెద్దమ్మ "మంట" అంది. పాపిట దగ్గర రంగు పట్టకముందే కడిగేశాం. కడిగాక ప్యాకెట్ చెత్తలోంచి తీసి చదివాను. డాక్టరు వద్దన్న రసాయనం పేరు అందులో ఉంది. తెల్లారేసరికి ఆవిడ కళ్ళు రెండూ వాచి మూసుకుపోయాయి. గోడ పట్టుకుని నడుస్తూ, "రొయ్యల నీళ్ళు కూడా ఇలాగే చూస్తావేంట్రా?" అంది. నన్ను నవ్వించడానికే అలా అందని తెలిసీ నవ్వలేకపోయాను.

మూడు వారాలు తలకి ఏదీ రాయకూడదన్నారు. ఆ మూడు వారాలూ అమ్మమ్మకి కూతురు లేదు. కంచం మంచం పక్కన పెట్టి పెద్దమ్మ తలుపు చాటుకి వెళ్ళేది, ఎవరూ చూడకపోతే అమ్మమ్మ నాలుగు మెతుకులు తినేది. రెండో వారంలో ఒక మధ్యాహ్నం నేను పక్క గదిలో, ఓరగా తెరిచిన తలుపు వెనక ఉన్నాను. అమ్మమ్మ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. "మా పెద్దమ్మాయి కోసం ప్రార్థన చెయ్యండి, పాస్టరమ్మగారూ. దానికి మంచి సంబంధాలు రెండొచ్చాయండి. నేనే వంకలు పెట్టి తిప్పి పంపేశాను. అది వెళ్ళిపోతే నాకెవరుంటారని. దానికి చెప్పకండేం."

పెద్దమ్మ అమ్మమ్మ కాళ్ళ మీది దుప్పటి సర్దింది.

"చెప్పను లెండి," అంది పెద్దమ్మ. తర్వాత అమ్మమ్మ తల మీద చెయ్యి పెట్టి రెండు మాటలు ప్రార్థన చేసింది. అమ్మమ్మ ఆమెన్ అంది. నేను వెనక వసారాలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను.

వాపు తగ్గాక ఈసారి ఏదీ కొట్టెయ్యలేదు. వట్టి ఆకు పొళ్ళే తెప్పించి, పెద్దమ్మ మోచేతి దగ్గర విడివిడిగా రాసి రెండేసి రోజులు చూశాను. మొదటిరోజు గోరింటాకు పెడితే పాపిట నారింజ రంగుకి తిరిగింది. మర్నాడు నీలి ఆకు పెట్టి కడిగితే ఆకుపచ్చగా కనిపించింది. ఆ మర్నాటికి గాలి తగిలి నలుపు తిరిగింది. పెద్దమ్మ ముడి వేసుకుని, పప్పన్నం కలిపి లోపలికి వెళ్ళింది. అమ్మమ్మ ఆవిడని పైనుంచి కిందకి చూసి, "ఎక్కడికెళ్ళావే ఇన్నాళ్ళు?" అంది. "పాస్టరమ్మగారు వచ్చి వెళ్ళారు."

"ఏమన్నారు?"

"ఏవో మా మాటల్లే. నీకెందుకు."

"సరే, నోరు తెరు," అంది పెద్దమ్మ. అమ్మమ్మ కంచం మొత్తం తినేసింది.

అలా మరో అయిదు నెలలు. మూడు వారాలకోసారి శని ఆదివారాలు ఆకు పొడి కలపడం నా పని. ఆ వానాకాలం చివర్లో అమ్మమ్మ నిద్రలో పోయింది. తర్వాతి శనివారం అలవాటుగా పొడి తీస్తుంటే పెద్దమ్మ డబ్బా మూత పెట్టేసి, "ఇంక పాస్టరమ్మగారిలాగే ఉండనీరా," అంది. ఆ సంబంధాల మాట నేను విన్నానని ఆవిడకి తెలుసో లేదో, ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

ఇది జరిగి మూడేళ్ళు. పాపిట దగ్గర మొదలైన తెలుపు చెవుల దాకా, మెడ దాకా దిగింది. అమ్మమ్మ ఆఖరిసారి గుర్తుపట్టిన ఆ నలుపు కిందికి జరిగి జరిగి భుజాల దగ్గర కొసగా మిగిలింది. పోయిన నెల పెద్దమ్మ అది కూడా కత్తిరించేసింది. కాలం ఎంత నెమ్మదిగా నడుస్తుందో, ఎంత కచ్చితంగా తీసుకుపోతుందో, నేను ఆ జుట్టులో కొలుచుకుంటూ వచ్చాను.