బిడ్డ కాళ్లు కట్టొద్దన్న అవ్వ

పోయిన మంగళవారం పొద్దున మా పుట్టినూరు కప్పగల్లు నుంచి మా అమ్మ హొసపేటలో ఉన్న నాకు ఫోను చేసింది. "నీళ్లు పోసే అవ్వ పాయె పాపా," అంది. వెంటనే పెట్టేసింది. మా వీధిలో పుట్టిన పిల్లలందరికీ నూనె రాసి, చాచిన కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది ఆ అవ్వే. నాకూ పోసింది, నా కూతురికీ పోసింది.

అవ్వది కుంటి నడక. ఒక అడుగు బరువుగా, ఒకటి తేలిగ్గా పడేది. ఆ చప్పుడు వినబడగానే మేం నీళ్లు కాగాయో లేదో చూసుకునేవాళ్లం. పుట్టుకతోనే ఆమె ఎడమ తుంటి కీలు జారి ఉండిందట. "బాతు మాదిరి నడుస్తాండాదని నవ్వుకునిరి గానీ, యాడా సూపించలా," అనేది, తనూ నవ్వుతూనే.

నా కూతురు కడుపులో ఎదురుకాళ్లతో ఉండి, ఆపరేషన్‌తో పుట్టింది. స్నానం కాగానే అవ్వ సాంబ్రాణి పొగ పట్టి, పాత చీర ముక్కతో మెడ నుంచి పాదాల దాకా బిగించి చుట్టేది. రెండు కాళ్లూ చాపి జతచేస్తే తిన్నగా వస్తాయని మా వైపు అందరి నమ్మకం. రెండో నెల దాటాక ఒకరోజు నూనె రాస్తూ ఆగిపోయింది.

"ఈడ సూడు. ఈ తొడకి ఒక మడత ఎక్కువుండాది. ఈ కాలు పక్కకి వాలడం ల్యా."

నాకేమీ తేడా కనబడలేదు. పాప నొప్పని ఏడ్చిందీ లేదు. మా అమ్మ కొట్టిపారేసింది.

"నువ్వు సుమ్నె ఊరకుండమ్మా. నా కాలు ఇట్లయింది సాలు," అని అవ్వ నూనె చేతులతోనే ఆటో పిలిపించింది.

బళ్లారిలో ఎముకల డాక్టరు స్కాన్ చూసి, తొడ ఎముక తల తుంటి గిన్నెలో సరిగ్గా కూర్చోలేదన్నారు. త్వరగా తెలిసింది కాబట్టి, కాళ్లు మడిచి ఎడంగా పట్టి ఉంచే పట్టీలతో సరవుతుందన్నారు. తర్వాత, కాళ్లు చాపి బిగించి చుడుతున్నారా అని అడిగారు. నేను అవ్వ వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది.

బయట బల్ల మీద ఆమె పాప తొడ మడతని వేలితో తడుముతూ కూర్చుంది. "నేనే సెడిపితినా తల్లీ?" అంది చివరికి. కాదని వెంటనే అనలేకపోయాను. ఆ ఆలస్యం నన్ను ఇప్పటికీ తింటోంది.

పట్టీలున్నన్నాళ్లూ పాపకి స్నానం లేదు. అయినా అవ్వ రోజూ వచ్చి గోరువెచ్చని గుడ్డతో తుడిచి వెళ్లేది. ఆ తర్వాత వీధిలో ఎవరి బిడ్డనైనా, కాళ్లు మడుచుకుని తన్నుకునేంత వదులుగా చుట్టేది. ముసలమ్మలు ఒప్పుకోకపోతే పోట్లాడేది. "బిడ్డ కాళ్లు కట్టొద్దండి. ఆడుకోనీండి."

నా కూతురు తిన్నగా నడిచిన రోజు అవ్వ గడప మీద కూర్చుని, ఆ చిన్న పాదాలనే చూస్తూ ఏడ్చింది.

పోయిన నెల అవ్వ బచ్చలింట్లో నీళ్లు పోసుకుంటూ జారిపడింది. లేపబోయిన వాళ్లని తనే ఆపిందట. "పట్టుకోవద్దండప్పా. కాలు పొట్టిదాయె, పాదం బయటికి తిరిగిపాయె. తుంటి ఇరిగింది." ఆపరేషన్ చేశారు గానీ, మళ్లీ మంచం దిగలేదు. ఈ ఆదివారం వెళ్దాం, వచ్చే ఆదివారం వెళ్దాం అనుకుంటూ నేను హొసపేటలోనే ఉండిపోయాను. కాదవ్వా, నువ్వు చెడపలేదు, నువ్వే నిలబెట్టావు అని చెప్పాలని ఉండేది.

మంగళవారం నేను వెళ్లేసరికి అవ్వని అరుగు మీద పడుకోబెట్టి, ఆచారం ప్రకారం రెండు బొటనవేళ్లూ కలిపి గుడ్డపీలికతో కట్టారు. ఏడేళ్ల నా కూతురు దగ్గరికి వెళ్లి చూసింది.

"అవ్వ కాళ్లు ఎందుకు కట్టినారు? విప్పండి."

నేను దాన్ని ఎత్తుకున్నాను. బరువైపోయింది. కాళ్లు నా నడుముకి చెరోవైపు వేలాడేసి, అది అవ్వ పాదాలనే చూస్తూ ఉంది.