మావయ్య చదవలేకపోయిన ఆరు పేజీలు

మా మేనమామ ముప్పై ఒక్క ఏళ్ళు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చున్నాడు. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఎంత ఆలస్యమో ఊరికి చెప్పడం ఆయన పని. ఇత్తడి బిందెను వేలి కణుపుతో కొట్టినట్టుండే గొంతు. ఒకసారి బండి పట్టాలు తప్పినప్పుడు చనిపోయినవాళ్ళ పేర్లు, మొత్తం నలభై మూడు, మైకులో ఆయనే చదివాడు. ఒక్కచోట కూడా తడబడలేదని స్టేషను మాస్టరు భుజం తట్టాడట. ఇంట్లోనూ అదే ధోరణి. స్నానానికి నీళ్ళు కాగాయా అని అడిగితే వీధి చివరివాళ్ళు కూడా తమ నీళ్ళు చూసుకునేవారు. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా మైకు మావయ్య అనే పిలిచేవారు.

అత్తయ్య ఆయనకు పూర్తిగా విరుద్ధం. ఆవిడ మాట పక్క గదికి చేరేలోపే ఆరిపోయేది. ఏది అడిగినా "ఊఁ" అనేది. ఆ "ఊఁ" అవునో కాదో మావయ్యకు మాత్రం తెలుసని మేమంతా అనుకునేవాళ్ళం.

రిటైరయ్యాక మావయ్యకు పొద్దు గడవలేదు. మెట్ల మీద ఎవరు ఏ వేళకు దిగుతున్నారో, పాలవాడు ఎన్ని నిమిషాలు వెనకబడ్డాడో అత్తయ్యకు చెబుతూ కూర్చునేవాడు. నేను అంధుల గ్రంథాలయంలో రికార్డింగు గది చూస్తాను. చూపులేని పాఠకుల కోసం పుస్తకాలు పైకి చదివించి, రికార్డు చేసి పంపుతుంటాం. "ఆ గొంతు గోడలకు వినిపించే బదులు మాకివ్వు మావయ్యా" అని అడిగాను. మర్నాడే గంజి పెట్టిన చొక్కాతో దిగాడు.

ఆ చొక్కాతోనే మొదటి తగువు. మా గది బీరువా కంటే కాస్త పెద్దది. గోడలకు పాత కంబళ్ళు కొట్టి ఉంటాయి. ఫ్యాను తిప్పకూడదు. పేజీ తిప్పేటప్పుడు మాట ఆపాలి. చెయ్యి కదిలిస్తే గంజి చొక్కా కరకరమంటుంది. మెత్తటిది వేసుకు రమ్మంటే ఒప్పుకున్నాడు గానీ, చదవాల్సిన పుస్తకం చూశాక అసలు తగువు మొదలైంది. ఏ మహనీయుడి జీవితమో ఇస్తాననుకున్నాడు పాపం. నేనిచ్చింది మూడు భాగాల నవల. అట్ట మీద "ప్రేమించినవాడే చెర, చచ్చినదే సాక్షి" అని ఎర్రక్షరాల్లో ఉంది.

"దయ్యాలూ కౌగిలింతలూ నా నోటితోనా? ఈ వయసులోనా?"

"నీ వయసువాళ్ళే ఎక్కువమంది అడిగారు మావయ్యా. పాఠకులు ఏది అడిగితే అదే చదవాలి మనం."

ముక్కు చిట్లించుకుంటూనే కుర్చీలో కూర్చున్నాడు.

కథ ఇది. కొండ మీద ఒక పెద్ద ఇల్లు. దాని యజమాని అందగాడు, కోపిష్ఠి. మొదటి భార్య బావిలో పడి చనిపోయింది. తనే పడిందో, ఈయనే తోశాడో ఎవరికీ తెలియదు. రెండో భార్యగా ఒక పేదింటి పిల్లను తెచ్చుకుంటాడు. ప్రాణంగా చూసుకుంటాడు. ఎంత ప్రాణంగా అంటే గడప దాటనివ్వడు. ఆ ఇంట్లోకి మొదటి ఆవిడ తిరిగొస్తుంది.

మావయ్య దీన్ని బండ్ల రాకపోకలు చెప్పినట్టు చదివాడు. ప్రతి మాటా స్పష్టం, ప్రతి వాక్యం చివరా ఒకే దించుడు. మొదటి నాలుగు అధ్యాయాలు పాఠకులకు వెళ్ళిన వారానికి ఫోను వచ్చింది. చేసినావిడ పుట్టుకతోనే చూపు లేని మనిషి, ఒక పెద్ద ఆసుపత్రిలో టెలిఫోను ఆపరేటరు. మా దగ్గర నెలకు ఎనిమిది పుస్తకాలు వింటుంది. అందులో ఏడు ఈ బాపతువే.

"చదివినాయన ఉన్నారా? ఒకసారి ఇవ్వండి" అంది. మావయ్య పొగడ్త కాబోలనుకుని ఫోను అందుకున్నాడు.

"సార్, ఆ దయ్యం వస్తోందా, గంటన్నర ఆలస్యంగా నడుస్తోందా?"

మావయ్య మొహం ఎర్రబడింది. "మరెలా చదవాలంటావమ్మా?"

"మీరు ఊరందరికీ చెబుతున్నారు. ఊరందరికీ చెబితే భయం వెయ్యదు సార్. ఒక్కళ్ళకి చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా చదివి చూడండి."

ఇంట్లో ఉన్నది ఒక్కరే. ఆ సాయంత్రం నుంచి మావయ్య రికార్డింగుకు ముందు ప్రతి అధ్యాయాన్నీ అత్తయ్యకు చదివి వినిపించడం మొదలుపెట్టాడు. మొదట్లో హాల్లో కూర్చుని వంటింట్లోకి చదివేవాడు. పైవాటా ఆవిడ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుందట. తర్వాత కుర్చీ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆ తర్వాత పీట వేసుకుని ఆవిడ పక్కనే. రెండు వారాలయ్యేసరికి పైవాటా ఆవిడ ఏమీ వినపడటం లేదని విసుక్కుని కిటికీ మూసేసుకుంది.

ఆ మార్పు నాకు రికార్డింగు గదిలో తెలిసింది. హెడ్‌ఫోన్లలో మావయ్య గొంతు నా చెవి పక్కన కూర్చుంది. దయ్యం తడి పాదాలతో మెట్లెక్కే చోట నేను వెనక్కి తిరిగి చూశాను. నేను మీటలు తిప్పే మనిషిని, ఇలాంటివి వందలు విన్నాను. అయినా తిరిగి చూశాను.

ఆయనకు కూడా పూనకం లాంటిదే వచ్చింది. "ఇది రాసినవాళ్ళెవరోగానీ మామూలు మనిషి కాదమ్మా" అనేవాడు దారిలో. "ఆ కొండ మీది ఇంటివాడు దుర్మార్గుడని తెలుస్తూనే ఉంది. అయినా వాడు తలుపు తీసుకుని లోపలికొస్తే నా గుండె ఆడపిల్ల గుండెలా కొట్టుకుంటోంది. ఇదేం పుస్తకం!" అరవై దాటిన మనిషి, బస్సు దిగాల్సిన చోటు దాటిపోయేంతగా దాని గురించే మాట్లాడేవాడు.

మొదటి భాగం చివరికొచ్చిన ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. అత్తయ్య దిండు గలీబు అంచు కుడుతోంది. మావయ్య పీట మీద కూర్చుని చదువుతున్నాడు. రెండో భార్య పుట్టింటికి వెళ్ళొస్తానంటుంది. యజమాని మాట్లాడకుండా ఆమె చెప్పులన్నీ తెచ్చి పొయ్యిలో వేస్తాడు. అవి కాలుతుండగా ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తాడు, నువ్వు వెళ్తే నేను బతకనని. అక్కడికొచ్చేసరికి మావయ్య గొంతు కూడా తడిసింది.

"చూశావా, ఎంత పిచ్చి ప్రేమో" అన్నాడు.

అత్తయ్య దారం కొరికింది. "కొత్తవి కొన్నాడా?"

"ఏమిటి?"

"చెప్పులు."

మావయ్య పక్కనున్న రెండో భాగం తీసి పేజీలు తిరగేశాడు. "లేదు. రెండో భాగమంతా వట్టికాళ్ళే."

"ఊఁ" అంది. సూదిలో కొత్త దారం ఎక్కించింది, ఒక్క ప్రయత్నంలో. తల ఎత్తకుండానే మళ్ళీ అంది, "నా ఉత్తరం మీరే రాశారు."

నాకు అర్థం కాలేదు. మావయ్యకు అయింది. పుస్తకం మూశాడు.

పెళ్ళికి ముందు, పెళ్ళయ్యాక రెండేళ్ళూ అత్తయ్య సర్వే ఆఫీసులో పటాలు గీసేదట. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. పల్చటి ట్రేసింగు గుడ్డ మీద, నల్లసిరాతో, దారులూ వాగులూ పొలాల హద్దులూ. సాయంత్రానికి కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చేది. మావయ్య చూడలేకపోయాడు. ఒకరోజు తన గుండ్రటి చేతిరాతతో ఆవిడ రాజీనామా ఉత్తరం తనే రాసి, కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టింది.

"నీ కళ్ళు పాడైపోతాయని కదా" అన్నాడు మావయ్య. ఇంత చిన్న గొంతు ఆయనకుందని నేనెరగను.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి. మీ చొక్కా గుండీలు ఎవరు కుడుతున్నారు?"

ఆ మాటలో కోపమేమీ వినపడలేదు. గలీబు తిరగేసి రెండో అంచు మొదలుపెట్టింది. మావయ్య పీట ఆవిడ వైపు జరుపుకుని, "ఆ ఉత్తరం నేను రాయకుండా ఉండాల్సింది" అన్నాడు.

"అవును" అంది అత్తయ్య. "తర్వాత ఏమైంది, చదవండి."

చదవలేకపోయాడు. మర్నాడు రికార్డింగులో కూడా చెప్పుల దగ్గర ఆగిపోయాడు. నలభై మూడు పేర్లు తడబడకుండా చదివిన మనిషి ఒక జత చెప్పుల మీద ఎనిమిదిసార్లు ఆగాడు. తొమ్మిదోసారి బయటపడ్డాడు. అందులో ఏడుపు లేదు, మెచ్చుకోలు లేదు. జరిగింది జరిగినట్టు చదివాడు. చెప్పులు కాలిన వాసన కొట్టిందని ఆపరేటరమ్మ తర్వాత చెప్పింది.

రెండో భాగం నడుస్తుండగా మావయ్య తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. "అత్తయ్య నీతో ఏమైనా అందా?" అని అడిగేవాడు. ఏమీ అనలేదని చెబితే ఇంకా బెదిరేవాడు. పుస్తకంలో చచ్చినావిడ కూడా మొదటి రెండు భాగాల్లో ఏమీ అనదు మరి.

మూడో భాగం ఇంటికి తీసుకెళ్ళిన మర్నాడు, ఆయన చదివేదాకా అత్తయ్య ఆగలేదు. పొద్దున వంటింట్లో నిలబడి మొదలుపెట్టిందట, పొయ్యి మీద పాలు పెట్టుకుని. పాలు పొంగి, ఇంకి, గిన్నె మాడి, ఆ వాసనకు మావయ్య పరిగెత్తుకెళ్ళాడు. ఆవిడ గోడకు ఆనుకుని చదువుతూనే ఉంది, పెదాలు కదుపుతూ. ఆయన పొయ్యి ఆర్పడం కూడా చూడలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ చేతిలో పుస్తకం చూడలేదు ఆయన. గుమ్మంలోనే ఉండిపోయాడు. నేను మధ్యాహ్నం వెళ్ళేసరికి కూడా అదే దృశ్యం. మావయ్య నన్ను చూసి పెదవి మీద వేలు పెట్టాడు, నిద్రపోతున్న పిల్లను చూపించినట్టు.

మూడో భాగంలో పగ తీరుతుంది. యజమాని ఆ ఇల్లు వదిలి పారిపోవాలనుకుంటాడు. ఏ దారి పట్టినా, ఎంత నడిచినా, సాయంత్రానికి తన గడపే ఎదురొస్తుంది. తూర్పుకు వెళ్ళినా అదే గడప, కొండ దిగినా అదే గడప. చచ్చినావిడ ఊరి దారులన్నీ అక్కడికే తిప్పి కట్టేసింది. నడిచి నడిచి అతని చెప్పులు అరిగి ఊడిపోతాయి. ఆ పేజీలో అత్తయ్య నవ్వింది. గట్టిగా, పొట్ట పట్టుకుని. "బాగా అయింది వెధవకి" అంది. పైవాటా కిటికీ తెరుచుకుంది. మావయ్య వణికాడో, నవ్వాడో నాకు సరిగ్గా తెలియలేదు. రెండూ కావచ్చు.

ఆ భాగంలోనే ఒకచోట ఆరు పేజీలు చచ్చినావిడ మాట్లాడుతుంది. రికార్డింగు అక్కడికొచ్చినప్పుడు మావయ్య పుస్తకం మూసి బయటికొచ్చాడు. "ఇది నా నోట్లోంచి రాకూడదమ్మా. నేను చదివితే అబద్ధమవుతుంది."

"మరెవరు చదువుతారు?"

మర్నాడు అత్తయ్యను తీసుకొచ్చాడు. ఎలా అడిగాడో, ఆవిడ ఎలా ఒప్పుకుందో నాకు చెప్పలేదు. ఆవిడ గదిలోకి వెళ్ళి, కంబళి గోడల్ని ఒకసారి తడిమి చూసి, కుర్చీ ముందుకు లాక్కుంది. నేను అద్దపు కిటికీకి ఇవతల. మావయ్యకు రెండో జత హెడ్‌ఫోన్లు ఇచ్చాను.

ఆవిడ మొదలుపెట్టింది. మీటరు ముల్లు లేవలేదు. శబ్దం పెంచాను, ఇంకా పెంచాను. అప్పుడు వచ్చింది గొంతు. సన్నగా, నిదానంగా, ఒక గీత చెరగకుండా గీసినట్టు. "నన్ను అతను ప్రేమించలేదని ఎవరూ అనకండి. ప్రేమించాడు. అందుకే నా మాట ఎవరూ నమ్మలేదు." ఇలా ఆరు పేజీలు. ఏ కిటికీకి ఎప్పుడు మేకులు కొట్టాడో, ఏ బీరువా తాళం ఏ రోజు నుంచి కనపడలేదో, వరసగా. అరుపు లేదు, శాపం లేదు. మావయ్య కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో హెడ్‌ఫోన్లను చెవులకు అదిమి పట్టుకున్నాడు, ఒక్క మాట కూడా బయటికి పోకూడదన్నట్టు.

ఒక్క తప్పు లేదు. రెండోసారి చదివించాల్సిన పని పడలేదు. ఆవిడ మంచినీళ్ళు తాగడానికి బయటికెళ్ళింది. మావయ్య నా వైపు తిరగకుండా, "ఇంకోసారి పెట్టు" అన్నాడు. పెట్టాను. అయ్యాక మళ్ళీ అడిగాడు.

ఆపరేటరమ్మ ఫోను చేసింది. "రోజూ నా చెవిలోంచి వందల గొంతులు పోతాయి. ఇలాంటిది వినలేదు. ఎవరావిడ?" అత్తయ్యకు ఫోనిచ్చాను. ఇద్దరూ ముప్పావు గంట నవల ముగింపు గురించి పోట్లాడుకున్నారు. చివర్లో రెండో భార్యకు మాత్రం దారి తెరుచుకుంటుంది. అయినా ఆమె వెళ్ళదు, బుద్ధొచ్చిన మొగుడి దగ్గరే ఉండిపోతుంది. ఆపరేటరమ్మకు అదే ప్రాణం. "అలాంటివాడు నిజంగా ఎదురైతే నేనే పోలీసులకి కలుపుతానక్కా. పుస్తకంలో కాబట్టే ప్రేమిస్తున్నా" అంది.

"నేనైతే వెళ్ళేదాన్ని" అంది అత్తయ్య. కాస్త ఆగి, "నాలుగు రోజులుండి వచ్చేదాన్నేమో. కానీ వెళ్ళేదాన్ని."

మావయ్య ఆ మాట విన్నాడు. ఆ వేసవిలో అత్తయ్య ఒక్కతే బండెక్కి, తనతో పాటు సర్వే ఆఫీసులో పనిచేసిన స్నేహితురాలి ఇంటికి వెళ్ళి పది రోజులుండి వచ్చింది. మావయ్య స్టేషను దాకా వెళ్ళి పెట్టె అందించి వచ్చాడు. ఎప్పుడొస్తావని అడగలేదట.

ఇప్పుడు అత్తయ్య మా దగ్గర మంగళ, శుక్రవారాలు చదువుతుంది. ఆవిడ పేరు చెప్పి అడిగేవాళ్ళున్నారు. ఇలాంటి నవలలే తీసుకుంటుంది. నీతి పుస్తకమిస్తే వెనక్కిస్తుంది. మావయ్య పుస్తకాలకు అట్టలేస్తాడు, ఆవిడ చదివే రోజుల్లో రెండో హెడ్‌ఫోన్లు ఎవర్నీ ముట్టుకోనివ్వడు.

ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను, "మావయ్య మీద కోపం పోయిందా అత్తయ్యా?"

"ఎందుకు పోతుంది?" అంది. "ఇన్నాళ్ళూ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇప్పుడు వారానికి రెండు రోజులు దానికి పని దొరికింది." తర్వాతి పుస్తకం ఏదని అడిగింది. ఇచ్చాను. అట్ట చూసి, లోపల మొదటి పేజీ చదివి, "వీడు ఇంకా ఘోరంగా ఉన్నాడే" అంటూ సంచిలో పెట్టుకుంది.