రచయిత పేరు దగ్గర ఖాళీ

ఆ మాట హైదరాబాదులో కూర్చున్న ఎవడో రాశాడని మా కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గనిమనుషులంటే పడనివాడు రాశాడని కూడా కలుపుతారు. అబద్ధం. రాసింది నేను. మా క్వార్టర్ ముందుగదిలో, మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి మరీ రాశాను.

తెలంగాణ రావడానికి రెండుమూడేళ్ళ ముందు సంగతి. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగల తెలుగు విజ్ఞాన సర్వస్వంలో మా బొగ్గుగని గురించి ఒక పేజీ మొదలుపెట్టాను. అక్కడ ప్రతి మాటకూ ఆధారం చూపాలి. ఆ ఆధారాన్ని పద్ధతిగా గడుల్లో నింపాలి: రచయిత, శీర్షిక, పత్రిక, తేదీ, పేజీ. చాలామంది వట్టి లింకు అతికించి పోయేవారు. నేను వాళ్ళవి కూడా సరిచేసి, నాలుగు చీవాట్లు పెట్టి వచ్చేదాన్ని. పేజీ నంబరు లేని మూలం ఇంటి నంబరు లేని ఉత్తరం లాంటిదని ఒకాయనకు పాఠం చెప్పాను కూడా.

గనిలో కప్పు కూలిన ప్రమాదం గురించి నేను రాసిన వాక్యం పక్కన ఎవరో "ఆధారం కావాలి" అని తగిలించారు. నాకా! రోషం వచ్చింది. ఆ ప్రమాదంలో పోయింది మా పక్క క్వార్టర్ అక్క భర్త. కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది. నేరుగా అక్క దగ్గరికే వెళ్ళాను.

అక్కకు చదువు రాదు. బీరువాలో చీరల కింద నుంచి పేపరు ముక్క తీసింది.

"పైలం చెల్లె. ఇంట్ల ఉన్న ఒక్క ఫోటో పేపరాయన తీస్కపోయి మళ్ళ ఇయ్యలే. నన్నొక్క మాట గూడ అడగలే. గిదే మిగిలింది."

"నీ ఫోటోను నేనేమన్న తింటనా అక్కా?"

"నువ్వు తినవు. నీ నోరే తింటది అందర్ని," అని నవ్వింది.

ఫోటో, దాని కింది వార్త మిగిలేలా అంచులన్నీ కత్తిరించి పెట్టుకుంది. తేదీ పోయింది, పేజీ నంబరు పోయింది. గోదావరిఖనిలో గ్రంథాలయానికి వెళ్ళి రెండు రోజులు పాత పేపర్ల కట్టలు తిరగేశాను. దొరికింది. జిల్లా అనుబంధం, మూడో పేజీ. గడులన్నీ నింపాను. వార్త కింద విలేకరి పేరు లేదు కాబట్టి రచయిత గడి ఒక్కటే ఖాళీ. వార్తలో ఉన్న కారణాన్ని కూడా పేజీలోకి ఎక్కించాను: దిమ్మెలు లేని చోటికి అనుమతి లేకుండా వెళ్ళడం వల్ల ప్రమాదం జరిగింది. పక్కన చిన్న అంకె. ఆ రోజు నా కళ్ళు కామాల మీదా బ్రాకెట్ల మీదా ఉన్నాయి. ఎంత పొందికగా కుదిరిందో అని మురిసిపోయాను.

కొన్ని నెలలకు అక్క కూతురు నెట్ సెంటర్‌లో ఆ పేజీ చూసి, ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. అక్క మా గడపలో నిలబడింది. లోపలికి రాలేదు.

"చెప్పకుండ పోయిండని రాసినవట. లోపల పని చేపిచ్చే సర్దార్ పొమ్మంటెనే పోయిండు చెల్లె. ఎంబడున్నాయన మూడొద్దులకు తెలివికొచ్చి, దవాఖానల నాతోటి చెప్పే సచ్చిపోయిండు. నా దగ్గరి ముక్కనే తీస్కపోయి నా మొగని మీద తప్పు రాస్తవా?"

"పేపర్ల ఉన్నదే రాసిన అక్కా," అన్నాను.

ఎన్నో వాదనలు గెలిచిన నోరు నాది. అంత సిగ్గుమాలిన జవాబు ఇంకెప్పుడూ చెప్పలేదు.

వెంటనే ఆ వాక్యం తీసేశాను. సాయంత్రానికి ఇంకొకాయన తిరిగి పెట్టాడు. ఆధారమున్న విషయం తొలగించవద్దు, మూలం చక్కగా ఇచ్చి ఉంది అని మెచ్చుకున్నాడు కూడా. అక్క చెప్పిన మాటకు ఏ గడీ లేదు. అక్కకు ఆ మాట చెప్పినాయన మట్టిలో ఉన్నాడు. నేను వారం రోజులు కొట్లాడాను. ఆయన ఇచ్చిన ప్రతి జవాబూ అంతకుముందు నేను ఇంకొకరికి ఇచ్చిందే.

రాష్ట్రం వచ్చింది. కాలనీలో పటాకులు కాల్చారు. అక్క అందరికీ మిఠాయి పంచింది, మా గడప మాత్రం తొక్కకుండా పక్కింటికి పోయింది. రాసింది నేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ వాక్యం అలాగే ఉంది.

నన్ను నేను తిట్టుకోవడం అయిపోయింది. ఇప్పుడు తెలియాల్సింది ఒక్కటే. ఆ పేపరు మా కాలనీకి వచ్చిన పొద్దుటికి ఆయన శవం ఇంకా పైకి రాలేదు. వెంట ఉన్నాయనకు తెలివి లేదు. అక్కను ఎవరూ ఏమీ అడగలేదు. మరి అనుమతి లేకుండా వెళ్ళాడని, పేరు లేని ఆ విలేకరికి చెప్పిందెవరు?