వెల్లకిలా పడేసిన గొర్రు

అది పత్తిని పురుగు తినేసిన ఏడాది. ఒంగోలు వెళ్ళే బస్సులో నా పక్కన ఒక ఇంగ్లీషు మాస్టారు కూర్చున్నారు. పేరు అడగలేదు. చిలకలూరిపేటలో ఒక రైతు నిచ్చెనెక్కి, విత్తనాలు వేసే గొర్రును బస్సు మీద పళ్ళు పైకి వచ్చేట్టు పడేసి, మా ముందు సీట్లో కూర్చున్నాడు.

"గొర్రును అట్లా వెల్లకిలా పెట్టకూడదండీ," అన్నారు మాస్టారు నాతో. "శవాల బండిని ఇంగ్లీషులో హర్స్ అంటారే, ఆ మాట మొదట గొర్రులాంటి పనిముట్టు పేరు. పూర్వం వాళ్ళ చర్చిల్లో శవం మీద కొవ్వొత్తులు గుచ్చే చట్రం, తిరగేసిన గొర్రులా ఉండేదట. ఆ పేరే చివరికి బండికి వచ్చింది."

నేను నవ్వాను. రైతు వెనక్కి తిరిగాడు.

"మా ఇళ్ళల్లోనూ అట్లా పెట్టరండీ. అమ్ముదామని తెచ్చా, ఎవరూ కొనలా. ఇంక ఎట్లా పెడితే ఏముంది?"

మాస్టారు అతని ఒళ్ళో ఉన్న కొత్త పురుగుమందు డబ్బా చూశారు.

"చేలో పత్తి ఉందా బాబూ?"

"మొన్ననే పీకేశానండి."

"మరి ఆ మందెందుకు?"

రైతు కిటికీ వైపు తిరిగిపోయాడు.

మార్టూరు దాటాక, పొలాల మధ్య అతను దిగి గొర్రును భుజానికెత్తుకున్నాడు. ఒంగోలుకి టికెట్టు తీసుకున్న మాస్టారు కూడా సంచీతో గబగబా దిగారు.

"ఆ డబ్బా ఇటివ్వు బాబూ, నేను పట్టుకుంటా."

అతను ఇచ్చాడో లేదో చూసేలోగా బస్సు కదిలింది.

ఇప్పటికీ శవాల బండి ఎదురైతే, నా చూపు ముందు దాని పైకప్పు మీదికే పోతుంది.